మధ్యాహ్నం తిరగమోత

2025 మార్చి ఎనిమిదో తేదీ, శనివారం, మధ్యాహ్న భోజనాలు ముగిసిన వేళ. స్థలం, అద్దంకికి ఆటో దూరంలో ఉన్న మా ఊళ్ళో, మిరప కల్లాన్ని ఆనుకుని ఉన్న మార్కు ఇంటి వరండా. హాజరైనవారు: పత్తి జిన్నింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా పనిచేసే మార్కు, అద్దంకిలోని ఒక నర్సింగ్ హోములో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉంటూ ప్రస్తుతం ప్రసూతి సెలవులో ఉన్న అతని భార్య స్తుతి, అతని తల్లి పున్నమ్మ, వెనక వీధిలో జాకెట్లు కుట్టే కరీమున్, పక్క వాటాలో అద్దెకుంటున్న నేను. వీరుగాక మహిమ. ఆమెకు ఆరు నెలలు నిండాయి. మేమందరం అక్కడ చేరింది ఆమె కోసమే అయినా, ఆమె మాత్రం పున్నమ్మ భుజం మీద వాలి, వరండా స్తంభం మీద పాకుతున్న గండుచీమల బారును తదేకంగా చూస్తోంది.

నన్ను పిలిచింది రాజీనామా ఉత్తరం రాయడానికి.

"డాక్టరమ్మగారికండీ మాస్టారూ," అన్నాడు మార్కు, అట్టకు బిగించిన తెల్లకాగితం నా ఒళ్ళో పెడుతూ. "మర్యాదగా ఉండాలి. రేపెప్పుడైనా మళ్ళీ పోయి అడగాల్సొస్తే మొహం చెల్లేట్టుండాలి."

సంగతి అందరికీ తెలిసిందే. స్తుతి సెలవు ఆదివారంతో ముగుస్తుంది. సోమవారం ఉదయం ఆమె విధుల్లో చేరకపోతే ఆ కుర్చీలో మరొకరిని కూర్చోబెడతానని డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. కోపంగా కాదు, విసుగుతోనూ కాదు. రక్తపరీక్షలు ఆగవు గనక చెప్పింది. స్తుతి వెళ్ళాలంటే పగలంతా మహిమ నాయనమ్మ దగ్గర ఉండాలి. ఉంటుంది కూడా. పున్నమ్మ చేత ఉగ్గు తింటుంది, ఆమె చంకలో కూర్చుని కల్లమంతా తిరుగుతుంది, ఆమె చెవుల కమ్మలు పట్టుకు లాగుతుంది. నిద్ర ఒక్కటే పోదు.

తల్లి రొమ్ము మీద అయితే పడుకుంటుంది. ఆ అలవాటు తప్పించాలని ఈ వారమంతా ప్రయత్నించారు. మధ్యాహ్నం పాలిచ్చి, బిడ్డను అత్త చేతికిచ్చి, స్తుతి వెళ్ళి కరీమున్ ఇంట్లో కూర్చునేది. తల్లి వాసన తగలకపోతే బిడ్డ తనంతట తాను సర్దుకుంటుందని అందరూ అన్నారు. సర్దుకోలేదు. ఏడుపు సందు దాటి వినపడేది. ఒకరోజు స్తుతి కరీమున్ కొలతల టేపు మెడలో వేసుకునే పరిగెత్తుకుని వచ్చేసింది. పగలు కన్ను మూయని పిల్ల సాయంత్రానికి సొమ్మసిల్లి, పాలు ముట్టక, ఎవరు తాకినా ఉలిక్కిపడి గుక్కపట్టేది. మిల్లు నుంచి వచ్చే మార్కు చూసేది ఆ పిల్లను. అందుకే అతను కాగితం తెచ్చాడు. అతన్ని తప్పుపట్టడానికి నాకేమీ కనపడలేదు.

"ఎంత విచిత్రమో చూడండి మాస్టారూ," అన్నాడతను. "ఆదివారం చర్చిలో ఎంచక్కా పడుకుంటది. అయ్యగారు మైకులో అరుస్తుంటారు, పక్కన డోలకు వాయిస్తుంటారు, ఇది కింద చాపమీద నోరు తెరిచి నిద్ర. ఇంట్లో మేం గుసగుసలాడుకుంటూ తిరుగుతుంటే కెవ్వుమంటది."

"అయితే మీ ఇంటికో మైకు పెట్టించరా," అంది కరీమున్.

"నువ్వున్నావుగా పిన్నీ, వేరే మైకెందుకు?"

స్తుతి నవ్వలేదు. వరండా మెట్టు మీద మోకాళ్ళు దగ్గరకు ముడుచుకుని కూర్చుని ఉంది. "రాయించుకో బావా," అంది. "రాసేది మాస్టారైనా సంతకం పెట్టేది నేనే. ఈ పూట కూడా చూసి పెడతా. అత్తా, తీసుకుపో. పాలు తాగింది."

పున్నమ్మ లేచింది. వయసు యాభై దాటిన మనిషి. ఏళ్ళ తరబడి షెడ్లలో మిరపకాయలకు తొడిమలు తీసి, ఈ పిల్ల కోసమే ఈ సీజనుకు పని మానుకుంది. ఆమె బిడ్డను ఎత్తుకున్న తీరులో, పరీక్ష హాల్లోకి వెళ్ళే పిల్లల మొహాల్లో కనిపించే బెదురు నాకు కనిపించింది. ఆమె మధ్యగదిలోకి వెళ్ళింది. అక్కడే దూలానికి కొక్కేలు బిగించి పాత చీరతో ఊయల కట్టారు. ఆ వెనక వంటపాక.

నేను తేదీ వేశాను. 'గౌరవనీయులైన డాక్టరు గారికి' అని రాసి ఆగాను. స్తుతి నా చేతి వంక చూస్తోంది.

"మాస్టారూ, కారణం ఏమని రాస్తారు?"

"ఏమని రాయమంటావమ్మా?"

"నాకు తెలిస్తే నేనే రాసుకునేదాన్నిగా."

లోపల ఊయల కొక్కెం కిర్రుమనడం మొదలైంది. "అదిగో కళ్ళు నలుపుకుంటంది, నిద్రొచ్చేసింది నా తల్లికి," అని పున్నమ్మ గొంతు వినవచ్చింది. ఆ వెంటనే మహిమ ఏడుపు. మొదట చిన్నగా, విసుగుగా. తర్వాత పూర్తి గొంతుతో. కొక్కెం వేగం పెరిగింది. ఏడుపూ పెరిగింది. స్తుతి లేవబోయింది. మార్కు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. నిజానికి లోపలికి పోవాలని అతనికీ ఉంది. కాసేపటికి కొక్కెం చప్పుడు ఆగింది, ఏడుపు మాత్రం ఆగలేదు.

సరిగ్గా అప్పుడు నాకు తుమ్ము వచ్చింది. దాని వెనక మరొకటి. ఆపైన దగ్గు అందుకుంది. గొంతులో ఎవరో గరుకు కాగితం పెట్టి రుద్దినట్టయింది; కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారి ముందున్న కాగితం మీద పడ్డాయి.

"పొలమారిందా మాస్టారూ?" అంది కరీమున్. "నీళ్ళియ్యండమ్మా ఎవరన్నా."

"కాదు... మిరపకాయలు మాడుతున్నాయి."

ముగ్గురూ గాలి పీల్చి చూశారు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఏం లేదే," అన్నాడు మార్కు. "కల్లంలోంచి వస్తందేమో. అది ఎప్పుడూ ఉండేదేగా."

నిజమే. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఎండలు ముదిరే దాకా మా ఊరి గాలిలో మిరప లేని ఘడియ ఉండదు. ఆరబోసిన ఎర్రటి పరుపుల పక్కనే వాళ్ళు పుట్టారు, పెరిగారు, పెళ్ళిళ్ళు చేసుకున్నారు. ఆ పాటి ఘాటు వాళ్ళకు గాలి కిందే లెక్క. సీజనంతా కిటికీలు బిడాయించుకుని పుస్తకాల మధ్య కూర్చునే నా ముక్కుకు ఆ శిక్షణ లేదు.

నేను మళ్ళీ తుమ్మాను. లోపల ఏడుపు మధ్యలో మహిమ తుమ్మింది. నేను తుమ్మాను. ఆమె తుమ్మింది.

"యా అల్లా, పాపా మాస్టారూ జతకట్టారు," అని కరీమున్ పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

స్తుతి నవ్వు కోసం ఆగలేదు. ఆమె నా మొహాన్నే చూస్తోంది. నేను రెండు పిడికిళ్ళతో కళ్ళు నులుముకుంటున్నాను, చిన్నపిల్లవాడిలా. ఆ పిడికిళ్ళనే చూసిందామె. ఒక్క ఉదుటున లేచింది. "పిన్నీ, పాపను ఎత్తుకుని బయటికి తీసుకురా," అని వంటపాక వైపు నడిచింది. నీళ్ళకుండ అటువైపే గనక నేనూ వెంట వెళ్ళాను. మహిమను ఎత్తుకుని కరీమున్ మాకు ఎదురుగా వరండాలోకి వచ్చేసింది.

వంటపాకలో పొయ్యి ముందు పున్నమ్మ గొంతుక్కూర్చుని ఉంది. పైటచెంగు ముక్కూ నోరూ కప్పేలా తిప్పి, తల వెనక ముడివేసుకుంది. ఎడమ అరచేతిలో కల్లుప్పు, కుడిచేతిలో ఎండుమిరపకాయలు. నిప్పుల మీద అప్పటికే వేసినవి నల్లగా ముడుచుకుని, ఉప్పు చిటపటలాడుతోంది. పొగ వెనక్కి పోకుండా గాలివాటుకు మధ్యగది కిటికీలోకి, తిన్నగా ఊయల మీదికి పోతోంది.

"ఏందత్తా ఇది?"

పున్నమ్మ లేవలేదు. "ప్రార్థన చేశాకే తీశానమ్మా," అంది, ముందుగా ఆ సంగతి చెప్పుకోవాలన్నట్టు. "దేవుడికి చెప్పుకున్నా. చెప్పుకున్నాకే దిష్టి తీశా. వాడితో చెప్పమాక."

వాడంటే మార్కు. కిందటేడు అతను బండి కొన్నప్పుడు పున్నమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. అతను వాటిని తీసి రోడ్డవతల పారేసి, ప్రార్థన చేసుకునే ఇంట్లో ఇవేం పనులని వీధంతా వినేట్టు అరిచి, కొన్నాళ్ళు తల్లితో మాట్లాడలేదు.

"రోజూ తీస్తన్నావా?"

"రోజూ. నువ్వట్టా కరీమున్ ఇంటికి పోగానే." పున్నమ్మ గొంతు గుడ్డ చాటున మందంగా వినపడింది. "కల్లం కాడ అందరూ దాన్నే చూడటం. 'పున్నమ్మా, నీ మనవరాలు బూరెలా ఉందే' అంటారు. ఆ మాటన్నాకే అది పడుకోవటం మానేసింది. నీ కాడ పడుకుంటది. చర్చిలో పడుకుంటది. నా కాడెందుకు పడుకోదు చెప్పు? నా చేతుల్లోనే ఏదో ఉందనుకున్నా. నువ్వు పనిలోకి పోవాల. నా మూలంగా ఆగిపోతావని నాకు కూడు దిగటం లేదమ్మా."

"మరి దిష్టి తీస్తే పోలేదా?"

"ఏడ పోయిందీ? గాటు రావట్లా! గాటు రాలేదంటే దిష్టి అట్టానే ఉన్నట్టుగా. అందుకని రోజుకి రెండు ఎక్కువేస్తన్నా. ఇయ్యాళ ఊయల్లో వెయ్యకముందే ఇన్నేశా, ఇప్పుడు ఇంకో గుప్పెడు వెయ్యబోతన్నా. అయినా రావట్లా."

ఇక్కడి ఆనవాయితీ చదువరులలో కొందరికి తెలియకపోవచ్చు. బిడ్డ చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసిన మిరపకాయలు ఘాటెక్కి దగ్గు తెప్పిస్తే దిష్టి లేనట్టు. ఏమీ వాసన రాకపోతే దిష్టి గట్టిగా తగిలినట్టు, మళ్ళీ తీయాలి.

స్తుతి కొంతసేపు అత్త వంకే చూసింది. ఆమె మొహంలో కోపం వచ్చి, నిలవడానికి చోటు దొరక్క వెళ్ళిపోవడం నేను చూశాను. ఆమె వంగి, పున్నమ్మ తల వెనక ముడి విప్పి, గుడ్డను మెల్లగా కిందికి దించింది.

"ముక్కుకి గుడ్డ కట్టుకుని గాటు రావట్లేదంటే ఎట్టా అత్తా?"

పున్నమ్మ చెయ్యి మొహం మీదికి వెళ్ళింది. అక్కడ గుడ్డ ఉందన్న సంగతే ఆమె ఎరగదు. మిరపకాయ ముట్టుకోబోయే ముందు పైటచెంగు ముక్కుకు చుట్టుకోవడం షెడ్డులో మొదటి రోజున ఎవరో నేర్పి ఉంటారు. అప్పటినుంచి ఆ చెయ్యి ఎవరూ చెప్పకుండానే ఆ పని చేసుకుపోతోంది, మనవరాలికి దిష్టి తీసేటప్పుడు కూడా. ఆమె గాలి పీల్చింది. కళ్ళు పెద్దవయ్యాయి. దగ్గింది. పొయ్యి అంచు పట్టుకుని, ఒళ్ళంతా కుదిపేసేలా దగ్గి, దగ్గుల మధ్యనే నవ్వడం మొదలుపెట్టింది.

"వచ్చింది! గాటొచ్చిందమ్మా!"

"వచ్చిందిగా. మాస్టారికైతే ఇందాకే వచ్చింది."

"నిజమేనా మాస్టారూ?" అంది పున్నమ్మ, ఆశగా నా వైపు తిరిగి. నేను నోరు తెరవబోయి తుమ్మాను. అంతకు మించిన సాక్ష్యం ఆమెకు అక్కర్లేకపోయింది.

"అయితే దిష్టి లేనట్టేగా?"

స్తుతి చెంబు అందుకుంది. చెప్పదలిస్తే ఆమె చెప్పగలిగింది చాలా ఉంది. "లేనట్టే," అంది. "దానికేమీ లేదత్తా. నీ చేతుల్లోనూ ఏమీ లేదు. కళ్ళు మండి నలుపుకుంటుంటే నిద్రనుకున్నాం మనం. అంతే." చెంబుతో నీళ్ళు తీసి నిప్పుల మీద పోసింది. పొయ్యి బుస్సుమంది.

"ఏందే అక్కడ? ఏం చేస్తన్నారు?" అని మార్కు వరండాలోంచి కేకేశాడు.

పున్నమ్మ కోడలి చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

"ఏం లేదు బావా," అంది స్తుతి. "తిరగమోత మాడింది."

తర్వాత ఇంటి తలుపులూ కిటికీలూ తెరిచిపెట్టారు. మహిమ మొహం తడిగుడ్డతో తుడిచారు. పున్నమ్మ సబ్బుతో మోచేతుల దాకా చేతులు రుద్దుకుంది, మరోసారి రుద్దుకుంది, వేళ్ళు వాసన చూసి మళ్ళీ రుద్దుకుంది. పొగ పీల్చుకున్న ఊయల చీర విప్పి దొడ్లో తీగ మీద వేశారు. అప్పుడు తేలింది, పిల్లను పడుకోబెట్టడానికి మరో ఊయల లేదని.

"చర్చిలో ఊయల ఉందా?" అంది స్తుతి. "ముందుగదిలో చాప వెయ్యి."

ఆ గదిలోకి కల్లం మీది ఎండ తిన్నగా కొడుతుంది. కరీమున్ తన సంచిలోంచి పట్టుచీర ఒకటి తీసి కిటికీ ఊచలకు దోపింది. "మెల్లగా లాగండమ్మా. ఫాల్ కుట్టమని ప్రెసిడెంటుగారి కోడలిచ్చింది. మరకంటిందంటే నేనూ నా మిషనూ ఊరవతల తేలాలి." గదిలో ఆకుపచ్చటి చీకటి పడింది.

మహిమ అప్పటికి ఏడుపు మానేసింది. కరీమున్ గాజులు చూస్తూ చూస్తూ, ఉన్నట్టుండి చూడటం ఆపేసి, ఎటో శూన్యంలోకి చూపు నిలిపింది. చేతులు వదులయ్యాయి. నవ్వించబోతే మొహం అటు తిప్పుకుంది.

"ఇదిగో, ఇప్పుడు," అంది స్తుతి మెల్లగా. "నా దగ్గరా ఇట్టాగే చేస్తది. ఇంకాసేపు ఆగితే మళ్ళీ హుషారొచ్చేస్తది. తీసుకుపో అత్తా."

మేమందరం వరండాలోకి వచ్చేశాం. తలుపు ఓరగా వేశారు. నేను కూర్చున్న చోటి నుంచి చాప కొస, పున్నమ్మ వీపు, ఆమె కుడిచెయ్యి కనపడుతున్నాయి. బిడ్డను పక్కకు ఒత్తిగిల్లజేసి జోకొట్టడం మొదలుపెట్టింది. తొందర తొందరగా కొడుతోంది. ఊయలను ఊపిన ఆత్రమే ఆ చేతిలోనూ ఉంది. మహిమ వీపు విల్లులా వంచి రాగం ఎత్తుకుంది.

స్తుతి లేవబోయి లేవలేకపోయింది. చూస్తే, కరీమున్ ఆమె పైటచెంగు మీద కూర్చుని ఉంది.

"లే పిన్నీ."

"నేను లావుదాన్ని, తొందరగా లేవలేను."

"ఏడుస్తంది."

"వింటన్నాగా. ఇందాకటి ఏడుపు కాదది. ఇది తగువు. నా పిల్లలు నలుగురూ పెట్టుకున్నారు ఇట్టాంటి తగువు. కూర్చో."

స్తుతి రెండు చేతులూ ఎదకు అడ్డంగా నొక్కిపట్టుకుంది. జాకెట్టు తడిసింది. మార్కు చూసి, తన భుజం మీది తువ్వాలు తీసి ఆమె ఒళ్ళో వేశాడు.

లోపల పున్నమ్మ చెయ్యి ఆగింది. బిడ్డ మీదే ఉంది గాని కదలటం లేదు. ఆమె పెద్దగా ఊపిరి తీసి వదలడం మాకు వినిపించింది. తర్వాత ఆ చెయ్యి మళ్ళీ మొదలైంది. ఈసారి అది వేరే చెయ్యి. షెడ్డులో పొద్దు వాలే వేళ, ఎవరూ ఎవరినీ తొందరపెట్టనప్పుడు, పక్కవాళ్ళతో మాటలు కూడా అయిపోయాక, తొడిమ తీసి కాయ పక్కన వేసే చేతికి ఒక నడక ఉంటుంది. ఆ నడక అది. ఆమె దానికి మాటలు కూడా కలిపింది. పాట కాదు. "తియ్యీ... వెయ్యీ... తియ్యీ... వెయ్యీ..." అని, సగం గాలిగా, సగం గొంతుగా.

మహిమ తగువు కొంతసేపు సాగింది. మధ్యలో ఆగి వింది. మళ్ళీ గుర్తొచ్చినట్టు అందుకుంది. ఈసారి చివరి దాకా అనలేకపోయింది. బొటనవేలు నోట్లో పెట్టుకున్న చప్పుడు. కల్లంలో ఎవరో మిరపకాయలు పారతో తిరగవేస్తున్న గలగల. అంతకు మించి ఏమీ లేదు.

మార్కు గడప దాకా వెళ్ళి తొంగి చూసి వచ్చాడు. కరీమున్ ఏమైందన్నట్టు మోచేత్తో పొడిచింది.

"పడుకుంది," అన్నాడు. "అమ్మ చెయ్యి తీసేసింది. అయినా పడుకునే ఉంది."

స్తుతి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుంది.

అతను నా ఒళ్ళోని కాగితం చూశాడు. కన్నీటి చుక్కలు పడి ఒకచోట సిరా అలుక్కుపోయింది. "ఈ పూట పడుకుంది," అన్నాడు, తనలో తాను తర్కించుకుంటున్నట్టు. "సోమవారం?"

"సోమవారం ఏడుస్తదేమో," అంది స్తుతి. ఆమె గుసగుసగానే మాట్లాడింది గాని, ఆ పూట ఆమె అన్న మాటలన్నిటిలోకీ గట్టిది అదే. "ఏడిస్తే అత్త ఎత్తుకుంటది. మళ్ళీ పడుకోబెడతది. ఒకరోజు కుదురుద్ది, ఒకరోజు కుదరదు. నా దగ్గర మాత్రం రోజూ కుదురుతుందా బావా? నాకా పని ఇష్టం. మైక్రోస్కోపులో కన్ను పెట్టి చూస్తుంటే అక్కడున్నదేదో నేను చెప్తేనే డాక్టరమ్మకి తెలుస్తది. నాకది కావాల. పిల్లా కావాల. ఈ కాగితం మీద కారణం ఏం రాయాలో నాకిప్పటికీ తెలియట్లేదు."

మార్కు మెడ గోక్కున్నాడు. "నేను నిన్ను మానమన్లేదు," అన్నాడు. "పిల్ల అట్టా ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తోచక కాగితం తెచ్చా. పోనీ, తిరగేయండి మాస్టారూ దాన్ని."

"ఆఁ, తిరగేయండి," అంది కరీమున్. "అంత మంచి కాగితం ఊరికే పోవటమెందుకు? ఇంట్లో అనుకున్న మాటలు దానిమీదే రాసుకోండి. రేపు నేనన్లేదు నువ్వన్లేదు అనకుండా."

నేను డాక్టరు గారి సంబోధనను కొట్టివేసి, కాగితం తిరగవేశాను. పైన తేదీ వేసి, ఈ కథ మొదట్లో ఉన్నట్టే హాజరైనవారి పేర్లు రాశాను. పున్నమ్మ పిల్లిలా అడుగులు వేస్తూ బయటికి వచ్చి, తలుపు సందులోంచి చాప కనపడేలా గడప పక్కన కూర్చుంది. ఆ తర్వాత ఎవరు ఏమన్నా నేను దానికొక వాక్యరూపం ఇస్తూ పోయాను. పాప చూపు ఎటో నిలిచిపోయి ఒళ్ళు వదులు చేసినప్పుడే పడుకోబెట్టాలి. కళ్ళు నలుపుకునే దాకా ఆగరాదు. కిటికీకి నల్లగుడ్డ కట్టాలి. ప్రెసిడెంటుగారి కోడలి చీర ఈ రోజుకే పరిమితం. ఊయల అయినా చాప అయినా ఒకటే చెయ్యి, ఒకటే మాట. తగువు ఏడుపైతే చెయ్యి వేసి ఓపిక పట్టాలి, అసలు ఏడుపైతే వెంటనే ఎత్తుకోవాలి. రెండింటికీ తేడా పున్నమ్మే నిర్ణయిస్తుంది, స్తుతి ఫోను చేసి ప్రశ్నించరాదు.

"ఒక్కసారి చేసుకుంటా," అంది స్తుతి.

"ఒక్కసారి," అని ఒప్పుకుంది పున్నమ్మ.

"మిల్లు సెలవు రోజున వీడు పడుకోబెట్టాలి," అంది కరీమున్. "ఏరా, నవ్వుతావేంది? రాయండి మాస్టారూ, ముందు అది రాయండి."

అది కూడా రాశాను. స్తుతి ఎవరి వైపూ చూడకుండా, మెట్టు మీది మట్టిని గోటితో గీరుతూ అంది: "ఇంకొకటుంది. పాప పడుకునే వేళకి ఇంట్లో తిరగమోత పెట్టకూడదు."

నేను కలం ఆపలేదు. 'శిశువు నిద్రించు వేళ గృహమునందు తిరగమోత పెట్టరాదు' అని రాస్తుండగా మార్కు తల ఎత్తాడు.

"మనింట్లో మధ్యాహ్నం తిరగమోత ఎప్పుడు పెట్టారే? నా క్యారేజీలో ఎప్పుడు చూసినా పచ్చడి మెతుకులేగా."

కరీమున్ తన సంచిలో లేని దారపుకండె కోసం వెతకడం మొదలుపెట్టింది. పున్నమ్మ గడప వైపు చూస్తోంది. చేతులు ఎంత రుద్దుకున్నా, ఆమె పైటచెంగు ముడతల్లో రెండు కల్లుప్పు రాళ్ళు చిక్కుకుని ఎండకు మెరుస్తున్నాయి. మార్కు వాటిని చూశాడు. తల్లిని చూశాడు. తలుపు సందులోంచి చాప మీద, నోరు కొద్దిగా తెరిచి, ఒక కాలు మరో కాలి మీద వేసుకుని నిద్రపోతున్న కూతురు కనపడింది.

అతను ముందుకు వంగి ఆ ఉప్పురాళ్ళను రెండు వేళ్ళతో తీసి వాకిట్లోకి విసిరాడు.

"సరే, తిరగమోతే. ఉండనీయండి మాస్టారూ ఆ మాట," అన్నాడు. తర్వాత తల్లి వైపు తిరక్కుండానే, "తప్పదనుకుంటే దొడ్డి చివర పెట్టుకోవే అమ్మా. పిల్లకి గాలి తగలకుండా. నేను మిల్లుకి పోయాక," అన్నాడు.

"నాకెందుకురా ఇక తిరగమోత," అంది పున్నమ్మ. "గాటొచ్చేసిందిగా."

మార్కు సంతకం చేశాడు. స్తుతి చేసింది. సాక్షిగా కరీమున్, జాకెట్టు లైనింగుల మీద పెట్టే గుర్తులాగే, పొడి అక్షరాలు రెండు గీసింది. నేను రాసినవాడినని నా పేరు పెట్టాను. అట్ట చివరగా పున్నమ్మ చేతికి వెళ్ళింది. డ్వాక్రా గ్రూపులో చేరినప్పుడు నేర్చుకున్న సంతకం ఆమెది. ఒక్కో అక్షరాన్ని విడివిడిగా నిలబెట్టి రాస్తుంది. సగం పేరు రాసేసరికి లోపల మహిమ కదిలి మూలిగింది. పున్నమ్మ కలాన్ని గాలిలోనే ఆపేసింది. "తియ్యీ... వెయ్యీ..." అందామె, గడప ఇవతలి నుంచే, పెదాలతో. లోపల మళ్ళీ నిశ్శబ్దం. ఆమె మిగిలిన సగం పేరు రాసింది.

కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని, చప్పుడు కాకుండా, వేలితో ఒత్తుకుంటూ ఒక మడత పెట్టింది. మరో మడత పెట్టింది. పక్కనున్న బల్ల మీది బైబిలు గుడ్డ సంచిలోకి దాన్ని జారవిడిచి, జిప్పు మీద చెయ్యి వేసి ఒక్క క్షణం ఆలోచించింది. జిప్పు లాగితే చప్పుడవుతుంది. సంచిని అలాగే తెరిచి ఉంచి, గోడవారగా జరిపింది.